పైపు మీద చెయ్యి

నాగర్‌కర్నూల్,
శివరాత్రి ముందర సోమవారం

అన్నా,

అందరం బాగున్నం అని మొదలువెట్టాలె గని, ఇక్కడ అందరమంటే నేనొక్కదాన్నే. నువ్వు బాగున్నవో లేవో నాకు తెల్వదు. దసరా సంది నీ ఫోన్ మోగుతనే ఉన్నది, ఎత్తేటోడు లేడు. ఏమన్న అయిందా అని గద్వాల బస్సు కండక్టర్‌ను అడిగితే, "మీ అన్న షెడ్డు ముంగట కూసోనుండె గదమ్మా" అన్నడు. అంటె ఉన్నవ్. ఉండి ఎత్తుతలేవ్. నేనేం తప్పు చేసిన్నో చెప్పు, చెంపలేసుకుంట. చెయ్యకపోతే నువ్వే ఏస్కో.

ఉత్తరం రాసుడు ఇష్టమై కాదు, గతిలేక. మీ బావ భాస్కర్ పోయినంక ఆయన కిరాయికి నడిపిన తెల్లకారు అమ్మెయ్యి అమ్మెయ్యి అని అందరు నా పానం తీసిండ్రు. నేను అమ్మలే. డ్రైవింగ్ నేర్సుకున్న, లైసెన్సు తీసుకున్న. ఇప్పుడు తిమ్మాజిపేట బడికి సార్లను, మేడంలను పొద్దుగాల తీస్కపోయి సాయంత్రం తీస్కొస్తున్న. లైసెన్సు చేతికొచ్చిన దినం నీకు చెప్పుదామని ఫోన్ చేసి చేసి, ఆఖరికి గోడకు చెప్పుకున్న.

మొన్న శుక్రవారం కారు తొవ్వల ఆగింది. వేడి చూపెట్టే సూది ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లకెళ్లి పొగ. పై పైపు పగిలి నీళ్లన్ని రోడ్డు మీద పోయినయ్. సార్లు ఆటో ఎక్కి పోయిండ్రు. ఇంకోసారి గిట్లయితే వేరే బండి మాట్లాడుకుంటం అని మర్యాదగనే చెప్పిండ్రు. ఇక్కడ మెకానిక్‌లకు చూపెట్టిన. ఒకడు ఇంజన్ దించాలె అంటడు, ఇంకొకడు కారు అమ్ముతవా అంటడు.

ఆ బండిని ఇన్నేండ్లు చూసుకున్నోనివి నువ్వే. అమ్మ నాయిన లేరు, నర్సమ్మ వదిన లేదు, మీ బావ లేడు. పుట్టింటి తరఫున నాకున్నది నువ్వొక్కనివే, నువ్వు గూడ నన్ను ఇడిసిపెట్టినవా లేదా అన్నది నాకు తెల్వాలె. నామీద కోపముంటే ఉండని గని, కారేం చేసింది నిన్ను? దానికోసమన్న జవాబు రాయి.

నీ చెల్లె
జములమ్మ

*

గద్వాల,
శివరాత్రి ఎల్లినంక

చెల్లె జములమ్మకు,

నీ ఉత్తరం అందింది. కోపం గీపం ఏం లేదు. ఫోన్ ఖరాబైంది. షాపుల పని జాస్తి ఉన్నది.

పైపులు బస్సు పార్సిల్ల పంపుతున్న, బస్టాండ్ల తీస్కో. ఈ కాగితం పెద్ద పైపు లోపల చుట్టి పెడుతున్న. పగిలింది ఒక్కటే గని అన్ని పంపిన. పై పెద్దది, కింది పెద్దది, డాష్‌బోర్డు లోపలికి పోయే సన్నయి రెండు. ఒకటి పగిలిందంటే మిగిలినయి గూడ అదే ఈడువి, ఇయ్యాల కాకపోతే రేపు.

ఏ మెకానిక్ దగ్గరికి పోకు. నువ్వే మార్చు. ఇంజన్ మొత్తం సల్లగైనంకనే ముట్టుకో. వేడి మీద మూత తీసినవంటే మొకం కాలుతది, ఈ మాట మరువకు. కింద తొట్టి పెట్టి కింది పైపు క్లిప్పు వదులు చేస్తే పాత నీళ్లన్ని దిగుతయ్. పాత పైపు మూతికి అతుక్కొని రాదు. బలం పెట్టి గుంజకు, రేడియేటర్ మూతి ఇరుగుతది. బ్లేడుతోని నిలువుగ చీరి ఒలిచెయ్యి. మూతికి పట్టిన తెల్ల పెచ్చు గీకుడు కాగితంతోని నున్నగ చెయ్యి. కొత్త పైపు ఎక్కనీకె నూనె పూస్తరు కొందరు, నువ్వు పుయ్యకు, రబ్బరు ఉబ్బుతది. నీళ్లతోని తడుపు, చాలు. క్లిప్పు మరీ అంచుకు పెట్టకు, ఏలు మందం లోపలికి ఉండాలె.

బోరు నీళ్లు పొయ్యకు. మన దిక్కు అందరు అదే పోస్తరు, అందుకే అందరి పైపులు పుచ్చుతయ్. కూలెంట్ కొనుక్కొచ్చుకొని పొయ్యి.

నువ్వు డ్రైవింగ్ నేర్సినందుకు సంతోషం.

మీ అన్న
బాలకిష్టయ్య

*

నాగర్‌కర్నూల్,
హోలీ దినం

అన్నా,

"డ్రైవింగ్ నేర్సినందుకు సంతోషం." ఓహో! దొరగారు ఒక్క ముక్క రాసిండ్రు, ధన్యం. మెకానిక్ పని చెప్పనీకె పేజీ నిండ వచ్చింది గని, ఒక్కతివి ఎట్లున్నవే అని అడగనీకె సిరా అయిపోయిందా?

సరే, ఇను. ఆదివారం నేను ఒక్కదాన్నే చేసిన. చీర కొంగు నడుముకు చెక్కి, మీ బావ పాత అంగి మీదికెళ్లి తొడుక్కొని కారు ముంగట కూసున్న. పక్కింటి ఎల్లమ్మత్త అరుగు మీద కుర్చీ ఏసుకొని సినిమా చూసినట్టు చూసింది. కింది పైపు వదులు చేసిన్నో లేదో, తొట్టిల పడాల్సిన నీళ్లు నా మోచేతికెళ్లి అంగిల పోయినయ్. ఎర్రగ, తుప్పు కంపు. బోరు నీళ్లే. నేనే పోసిన, ఇగ తిట్టు.

పై పైపు చీరి తీసిన. కొత్తది తడిపి, తిప్పి తిప్పి, పండ్లు కొరికి ఎక్కిచ్చిన. ఎక్కిందని లేసి నిలబడి చూస్తే క్లిప్పు నా చేతిలనే ఉన్నది! ముందుగాల పైపుకు తొడగాలె గదా, తొడగలే. నువ్వన్న రాయలే. మల్ల గుంజి మల్ల ఎక్కిచ్చిన. ఎల్లమ్మత్త పకపక నవ్వింది. నేను గూడ నవ్విన. ఇంట్ల నవ్వక చాన దినాలాయె, నా నవ్వు నాకే కొత్తగనిపించింది.

మిగిలిన పైపులు గూడ మార్చి, పచ్చ కూలెంట్ పోసి స్టార్ట్ చేసిన. ఒక్క సుక్క కారలే. సోమవారం సార్లను ఎక్కిచ్చుకొని పోయిన. పోంగ మంచిగనే ఉండె, రాంగ సూది మల్ల లేసింది. ఎర్రగీత దాటలే గని దానికి ఆనుకున్నది. ఆపి, సల్లారినంక మూత తీసి చూస్తే నీళ్లు జర కిందికి దిగినయ్. ఎక్కడ కారలే, మరి ఎక్కడికి పోయినట్టు?

పొద్దున ఆరింటికి లేస్త, ఎనిమిదింటికి బండి తీస్త. సార్లు వెనుక సీట్ల వాళ్ల ముచ్చట్లు వాళ్లు పెట్టుకుంటరు. ఇంటికొచ్చినంక టీవీ పెడ్త, సూడ. ఎవ్వలన్న ఉన్నట్టుంటదని పెడ్త. ఇది నువ్వు అడగలే గని చెప్తున్న.

ఫోన్ బాగు చేయించుకో అన్నా.

జములమ్మ

*

గద్వాల,
హోలీ ఎల్లి వారం

జములమ్మా,

క్లిప్పు సంగతి రాయకపోవుడు నా తప్పే. నీ ఉత్తరం చదివి నవ్విన. మల్ల తీసి మల్ల చదివిన.

నీళ్లు ఎక్కడికి పోలే. లోపల గాలి ఉండె, ఆ గాలి జరిగిన జాగల నీళ్లు దిగినయ్. పైపులు మార్చినంక గాలి ఎల్లగొట్టాలె, లేకుంటే నీళ్లు తిరగయ్, బండి కాగుతది. నువ్వు గబగబ పోసి మూత పెట్టినట్టున్నది.

ఇట్ల చెయ్యి. ముందర చక్రాలు మిట్ట మీద ఉండేతట్టు బండి నిలబెట్టు. మూతి ఎత్తుల ఉంటే గాలి ఆడికొస్తది. ఇంజన్ సల్లగున్నప్పుడే మూత తియ్యి. కూలెంట్ చిన్న ధార పొయ్యి, ఆగు, మల్ల పొయ్యి. పై పైపును చేత్తోని పిసుకు, బర్రె పొదుగు పిండినట్టు మెల్లగ. బుడగలు వస్తయ్, నీళ్లు దిగుతయ్, మల్ల పొయ్యి. అప్పుడు స్టార్ట్ చేసి వదిలెయ్యి, రేసు ఇయ్యకు. మొకం మూతి మీదికి వంచకు.

పై పైపు మీద చెయ్యి పెట్టి కూసో. ముందు సల్లగ ఉంటది. చానసేపు సల్లగనే ఉంటది. పరేషాన్ కావద్దు, చెయ్యి తియ్యొద్దు. ఒక్కసారిగ పైపు వేడెక్కుతది, లోపల నీళ్లు ఉరికినట్టు చేతికి తెలుస్తది. అంటె లోపలి వాల్వు తెరుసుకున్నదన్నట్టు. బానెట్ మీద ఇంకో చెయ్యి పెట్టు, ఫ్యాన్ తిరుగుడు మొదలైతే రేకు వణుకుతది. బుడగలు ఆగినంక నిండ పోసి మూత పెట్టు. తెల్లారి సల్లగున్నప్పుడు మల్ల చూడు.

ఒక్కదానివి ఎట్లున్నవ్ అని అడగలే అన్నవ్. అడిగి ఏం జేస్తనే. నాకు తెల్వదా ఎట్లుంటదో.

అన్న

*

నాగర్‌కర్నూల్,
ఉగాది ఎల్లినంక

అన్నా,

నువ్వు చెప్పినట్టే చేసిన. మా గల్లీ చివర మిట్ట ఉన్నది గదా, ఆడ నిలబెట్టిన. పైపు పిసికితే బుడగలే బుడగలు, చేప పిల్లలు నోరు తెరిచినట్టు. పైపు మీద చెయ్యి పెట్టి కూసున్న. నువ్వు రాసింది నిజమే, చానసేపు ఏం కాలే. నాకు విసుగొచ్చి లేద్దామనుకునేసరికి చెయ్యి కాలింది. అబ్బ, ఎంత సంతోషమైందో! ఎవ్వలకన్న చెప్పాలె అనిపించి చుట్టూ చూసిన. గాడిద ఒకటి నిలబడి ఉండె.

ఇప్పుడు పోంగ రాంగ మంచిగనే ఉంటున్నది గని, ఎండ ముదిరితే మాత్రం సూది నడుమకెళ్లి పైకి పోతున్నది. ఇంకోటి, డాష్‌బోర్డు లోపల ఒక చప్పుడు వస్తున్నది. ఇంతకుముందు లేకుండె. ఆ చప్పుడు కాగితం మీద ఎట్ల రాయాలె నేను? నీకైతే ఇనిపిస్తే చాలు. బండి గల్లీ మలుపు తిరగకముందే చప్పుడు ఇని ఏం పాడైందో చెప్పేటోనివి నువ్వు.

అందుకే ఇను. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్త. బానెట్ లేపి ఫోన్ ఇంజన్ కాడ పెడ్త. నీ ఫోన్ బాగు కాకుంటే పక్కోల్లది అడుక్కో, నంబరు రాసి పంపు. ఆర్నెల్ల సంది ఖరాబైన ఫోన్ నేను ఏడ చూడలే. నాతోని మాట్లాడుడు ఇష్టం లేకుంటే మాట్లాడకు, చప్పుడు ఇని చెప్పు చాలు.

ఆదివారం గూడ ఎత్తలేదనుకో, ఇగ నేను రాయ. నాకు అన్న లేడనుకుంట. ఏడ్సి ఊకుంట.

జములమ్మ

*

గద్వాల,
గురువారం

జములమ్మా,

గట్ల రాయకు. ఎత్తుత. పది కాకముందే ఫోన్ చేతిల పట్టుకొని కూసుంట. ఎక్కువ మాట్లాడ, చప్పుడు ఇని చెప్పి పెట్టేస్త.

అన్న

*

నాగర్‌కర్నూల్,
ఆదివారం, నీతోని ఫోన్ అయినంక

అన్నా,

నేను ఇంజన్ స్టార్ట్ చెయ్యనే లేదు.

తాళంచెవి నా చేతిలనే ఉండె. నువ్వు ఫోన్ ఎత్తినవని తెలువంగనే, ఆ గరగర వినపడంగనే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్నా అన్నా అనుకుంట కారుకు ఒరిగి ఏడుస్తున్న. బానెట్ లేపింది లేపినట్టే ఉన్నది. ఆగు అన్నా స్టార్ట్ చేస్త అంటున్న. గప్పుడు నువ్వు అరిచినట్టు అన్నవ్, "ఆ, ఇన్న. చప్పుడు మంచిగనే ఉన్నది. పరేషాన్ గాకు." అని పెట్టేసినవ్.

నా ఏడుపును ఇంజన్ చప్పుడు అనుకున్నవా అని మొదలు నవ్వొచ్చింది. తర్వాత కారుల కూసొని నీ ఉత్తరాలు తీసి చదివిన. పైపు మీద చెయ్యి పెట్టు. బానెట్ మీద చెయ్యి పెట్టు. రేకు వణుకుతది. ఒక్క కాడ గూడ ఇను అని రాయలే. నా చిన్నప్పటి సంది నీ నోట్లకెళ్లి "ష్, మాట్లాడకు, ఇను" అన్న మాటనే ఇన్న నేను. నాయిన మగ్గం నేస్తుంటే ఆ చప్పుడు ఇని ఏ పోగు తెగిందో చెప్తుంటివి. నాయిన నిన్ను ఆ పనికి కూసోబెడ్తనంటే ఇంజన్ల ఎంబడి ఉరికితివి.

నీకు వినపడ్తలేదా అన్నా?

అవుననో కాదనో ఒక్క ముక్క రాయి. పైపుల గురించి ఏం రాయకు.

జములమ్మ

*

గద్వాల,
బుధవారం

జములమ్మా,

అవును.

పోయిన వానకాలం జరమొచ్చింది. జరం తగ్గింది గని ఎడమ చెవు మూసుకపోయింది. దసరాకల్ల రెండోది పోయింది. పట్నం దవాఖానల చూపెట్టిన. నరం చచ్చింది, మిషన్ పెట్టినా లాభం లేదు అని కాగితం మీద రాసిచ్చిండ్రు. చెప్తే నాకు వినపడదు గదా, అందుకే రాసిచ్చిండ్రు.

షాపు నడుస్తలేదు. పని జాస్తి ఉన్నదని నీకు అబద్ధం రాసిన. దసరా ఎల్లినంక ఒక జీపు చేసిచ్చిన. మంచిగైంది తీస్కపో అన్న. గిరాకీ స్టార్ట్ చేసి నా మొకం చూసిండు, నేను ఆయన మొకం చూసిన. లోపల పిస్టన్ కొట్టుకుంటున్నదట, రోడ్డు మీద పోయేటోల్లు గూడ ఆగి చూస్తుండ్రు. నేను నవ్వుకుంట నిలబడ్డ. ఆ దినమే షట్టర్ దించిన. ఇప్పుడు దాని ముంగట కుర్చీ ఏసుకొని కూసుంట. నీ కండక్టర్ చూసింది గదే.

మన గల్లీల ఇంకా మగ్గాలు నడుస్తున్నయ్. కిటికీలకెళ్లి చూస్త. చేతులు ఆడుతయ్, కాళ్లు ఆడుతయ్, చప్పుడు లేదు. నా గొంతు గూడ నాకు వినపడదు. ఎంత గట్టిగ మాట్లాడుతున్ననో తెల్వదు. ఒకసారి కిరాణం కొట్టు కాడ చక్కెర అడిగితే ఒకామె సంకల ఉన్న చంటిది ఉలిక్కిపడి ఏడ్సింది. గప్పటి సంది నోరు తెరుస్తలేను. చెయ్యి చూపిస్త, చీటీ రాసి ఇస్త. మొన్న ఆదివారం నీతోని అన్నయే ఇన్ని నెలలల్ల నేనన్న మాటలు. అయి గూడ తప్పాయె.

ఫోన్ ఖరాబు కాలే. నువ్వు చేసినప్పుడల్లా లైటు ఎలిగి నీ పేరు వస్తుండె. చేతిల పట్టుకొని అది ఆరేదాక చూస్తుంటి. ఎత్తి ఏం జెయ్యాలె? నీ గొంతు ఇనలేనని నీకు చెప్పుడు కంటే, నువ్వు నన్ను తిట్టుకునుడే మంచిదనిపించింది. నీకే మొగుడు పోయి పుట్టెడు దుక్కమున్నది, దాని మీద నేనొకన్ని బరువెందుకు అనుకున్న.

నువ్వు ఫోన్ల ఏడుస్తుంటివని నాకు తెల్వదమ్మా. వణుకు తెలుస్తదేమోనని ఫోన్ చెంపకు ఆనిచ్చుకొని కూసున్న. ఏం తెల్వలే.

అన్న

*

నాగర్‌కర్నూల్,
సోమవారం

అన్నా,

నీ ఉత్తరం చదివినంక రెండు దినాలు నీమీద కోపంతోని ఉన్న. ఇప్పుడు గూడ ఉన్న. దసరా సంది నేను ఏం తప్పు చేసిన్నా అని తలకాయ బద్దలు కొట్టుకున్న. వదిన దినాలప్పుడు ఏమన్న అన్ననా, మీ బావ పోయినప్పుడు నువ్విచ్చిన చీర కట్టుకోలేదని కోపమా, అని ఎతికి ఎతికి సస్తున్న. నువ్వేమో లైటు చూసుకుంట కూసున్నవ్! బరువట! ఎవనికి బరువు? ఇంట్ల పిలిస్తే పలికేటోడు లేక టీవీతోని కాపురం చేస్తున్నదాన్ని, నాకు నువ్వు బరువా? సిగ్గు లేదు నీకు.

బడులకు సెలవులిస్తున్నరు. ఇచ్చిన తెల్లారే బండేసుకొని వస్తున్న. వద్దనకు.

ఇగ ఆ చప్పుడు. ఫోన్ల ఇనిపిచ్చుడు కాలే గదా, రాసే ప్రయత్నం చేస్త. పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే డాష్‌బోర్డు లోపల, నా మోకాలు తగిలే కాడ, బిందెల నీళ్లు వంపినట్టు గుడగుడ అంటది. రేసు ఇస్తే గుడగుడ ఎక్కువైతది. జరసేపటికి ఆగిపోతది. ఆగినంకనే బండి కాగుడు మొదలువెడ్తది. ఇంతకంటే మంచిగ రాయనీకె నాకు రాదు. నీకు వినపడిందా, చెప్పు.

జములమ్మ

*

గద్వాల,
శనివారం

జములమ్మా,

వినపడింది.

అది హీటర్. నా తలకాయ్ కాల, ఆ ముచ్చట నీకు చెప్పనే లేదు. సన్న పైపులు రెండు డాష్‌బోర్డు లోపలికి పోతయని రాస్తి గదా, అయి పోయేది హీటర్ డబ్బాలకే. చలి దేశంల కారుల వెచ్చగ కూసోనీకె పెట్టిండ్రు దాన్ని. పాలమూరుల హీటర్ ఎవ్వడేస్తడు? ఇన్నేండ్లల్ల ఒక్క గిరాకీ గూడ నా హీటర్ పాడైందని రాలే. దాని మీట చల్ల దిక్కే ఉంటది, ఎవ్వడు ముట్టడు. నేను గూడ ఇక్కడోన్నే గదా, మరిచిపోయిన. మీట చల్ల దిక్కుంటే ఆ డబ్బా తలుపు మూసి ఉన్నట్టు. పైపులు మార్చినప్పుడు లోపల చేరిన గాలి ఆన్నే ఉండిపోయింది. ఎండకు, కుదుపులకు అది జరజర బయటికొచ్చి ఇంజన్ల పడుతున్నది.

మల్ల మిట్ట మీద పెట్టు. ఈసారి హీటర్ మీట పూరా వేడి దిక్కు జరిపి, దాని ఫ్యాన్ ఏసి, గప్పుడు నీళ్లు పొయ్యి. ముందు సల్ల గాలి వస్తది. సల్లగాలి వస్తున్నంతసేపు లోపల గాలి ఉన్నట్టే. వేడి గాలి మొకాన కొట్టినప్పుడు పని అయినట్టు.

రావద్దు. ఎండలు మండుతున్నయ్, అంతదూరం ఒక్కదానివి. వచ్చినా నాతోని ఏం మాట్లాడ్తవ్. ఉత్తరాలు మంచిగున్నయ్ గదా.

అన్న

*

వనపర్తి,
బస్టాండ్ ఎదురుగ, కారుల కూసొని

అన్నా,

నీ ఉత్తరం బండి తీసే పొద్దున వచ్చింది. హీటర్ పని గద్వాలకొచ్చి నీ ముంగటనే చేస్త, అప్పటిదాక మెల్లగ వస్త అనుకున్న. చెప్పినమాట ఎన్నడిన్న? వనపర్తి రాంగనే సూది లేసింది. ఆపి, సల్లారేదాక చెట్టు నీడకు కూసోని, ఇక్కడనే ఒక మిట్ట చూసుకొని చేసిన.

మీట జరగలే. చూస్తే మీ బావ దాన్ని బైండింగ్ వైరుతోని కట్టేసిండు. కిరాయికెక్కినోల్ల పిల్లలు ఎండకాలం హీటర్ తిప్పుతరని తిడుతుండె, గుర్తున్నది. ఆ ముడి చేత్తోని ఇప్పలేకపోయిన. ఆయన కట్టింది తెంపబుద్ధి కాక జరసేపు చూసిన. తర్వాత కటింగ్ ప్లేయర్‌తోని తెంపిన, ఏం జెయ్యాలె మరి.

మండుటెండల అద్దాలు దించి హీటర్ ఏసుకొని కూసున్న అన్నా! సోడా బండాయన వచ్చి, "అక్కా, పానం మంచిగున్నదా?" అని అడిగిండు. ముందు సల్లగాలి, తర్వాత గోరువెచ్చగ, గుడగుడ గుడగుడ అని, ఒక్కసారి మొకాన నిప్పులు పోసినట్టు కొట్టింది. బుడగ ఇంత పెద్దది వచ్చింది, మూతి కాడ నీళ్లు జానెడు దిగినయ్. నిండ పోసిన. ఇప్పుడు సూది సగానికి కింద కదలకుండ ఉన్నది, గుడగుడ లేదు.

నీకు ఫోన్ చేసి చెప్పలేను గదా, ఆలస్యమైందని పరేషాన్ అయితవని ఈ చీటీ గద్వాల బస్సు కండక్టర్‌కు ఇస్తున్న. నీ షెడ్డు కాడ బస్సు ఆపి ఇచ్చిపోతనన్నడు. జర నీళ్లు తాగి, ఎండ తగ్గంగనే ఎల్తున్న. పెబ్బేరు దాటితే ఇగ ఎంతసేపు.

జములమ్మ

*

గద్వాల,
నీ ఇంట్ల, నీకెదురుగ కూసొని

అన్నా,

బారెడు దూరంల ఉన్నోనికి ఉత్తరం రాసుడు నాకే నవ్వొస్తున్నది. నువ్వు అటు తిరిగి గోడ చూస్తున్నవ్ గని, నేను రాస్తున్ననని నీకు తెలుసు.

వచ్చి ఇంటి ముంగట హారన్ కొట్టిన. రెండుసార్లు కొట్టినంక గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకున్న. లోపలికొచ్చి భుజం మీద చెయ్యేస్తే తిరిగినవ్. ఎంత చిక్కిపోయినవన్నా. నన్ను చూసి, పక్కకు జరిపి, ఉరికిపోయి ముందుగాల బానెట్ మీద చెయ్యి పెడ్తివి! కారు కాగలేదని తెలిసినంకనే నా మొకం చూస్తివి. ఆ సంగతి నేను సచ్చేదాక మరువ.

గప్పటి సంది పొద్దు గూకేదాక ఒక్క మాట లేదు. చాయ్ తాగు అని చీటీ రాసినవ్. అన్నం వండిన అని చీటీ. నువ్వు ఆ మంచం మీద పండుకో అని చీటీ. నీ చీటీలన్ని ఈడ బల్ల మీద పెట్టిన, గాలికి ఎగురుతున్నయ్. నేను మాట్లాడితే నువ్వు నా పెదవులు చూసి తల ఊపుతున్నవ్, సగం అర్థం కాకున్నా ఊపుతున్నవ్.

ఇప్పుడు నేను రాసేది మంచిగ చదువు. నా గొంతు నీకు వినపడకుండ చేసింది జరం. అది నీ చేతుల లేదు, నా చేతుల లేదు. నీ గొంతు నాకు వినపడకుండ చేస్తున్నది మాత్రం నువ్వే. నా చెవులు మంచిగనే ఉన్నయ్ అన్నా. గట్టిగొస్తే రాని. తప్పొస్తే రాని. ఈడ ఉలిక్కిపడి ఏడ్సనీకె చంటిపిల్లలెవ్వలు లేరు, ఉన్నది నేనే. గల్లీ అంత ఇంటే ఇనని, మన గల్లీయే గదా.

సార్లు నన్ను డ్రైవరమ్మా అంటరు. ఎల్లమ్మత్త ఓ పిల్లా అంటది. మీ బావ పోయినంక నన్ను పేరు పెట్టి పిలిచినోల్లు ఎవ్వలు లేరు. పిలిచేటోనివి నువ్వొక్కనివే మిగిలినవ్, నువ్వేమో నా పేరు కాగితాల మీద రాస్తున్నవ్. కాగితం మీద నా పేరు చూసుకుంటే నాకేం నిండుతలేదన్నా.

నన్ను ఒక్కసారి పిలువు. ఇంకేం వద్దు.

జములమ్మ

*

(అదే కాగితం కింద, అన్న రాత)

రాసుడు ఆపు. ఇటు చూడు. పిలుస్త.